మా అన్న లేవని నాటకం

స్రవంతి మా ఇంటికి జంపఖానా కోసం వచ్చింది. మా అన్న కోసం కాదు. ఇది ముందే రాయాలి, ఎందుకంటే ఇప్పుడు మా కొత్తవాడలో అందరూ ఆమె మా అన్నను వెతుక్కుంటూ వచ్చిందని చెప్పుకుంటున్నారు. అట్లా ఏమీ కాదు. హనుమకొండలో వాళ్లొక నాటకం వేస్తున్నారట, స్టేజీ మీద పరవడానికి చేత్తో నేసిన పాత జంపఖానా కావాలట, వాడలో ఎవరో మా తలుపు చూపించారట. చంక కింద కర్ర పెట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ గడప దాటి వచ్చి కూచుంది. వాళ్ల కంపెనీలో చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, నడవలేనివాళ్లు, అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లు అందరూ కలిసి ఆడతారని చెప్పింది. నేను అటక మీద నుంచి మా ఇంటి చివరి జంపఖానా దించుతుంటే మా అన్న రాజమల్లు చూశాడు. ఆయనకు పుట్టుక నుంచీ వినపడదు, మాట రాదు. గబగబా వచ్చి, రెండు వేళ్లు కత్తెరలా పెట్టి పొట్ట దగ్గర అడ్డంగా కోసినట్టు చూపించి, రెండు చేతులతో గాలిని మడతపెట్టాడు. స్రవంతి భయపడింది. "పెద్దమ్మా, ఈయనకు కడుపు ఆపరేషన్ అయిందా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. ఆమెకు చెవిటివాళ్ల చేతిభాష బాగా వచ్చట. మా అన్న భాష మాత్రం రాదు. అది మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు.

ఇదంతా రాయమన్నది కూడా ఆమే. నేను ఐదో తరగతి దాకా చదివాను, అది కూడా కండెలకు నూలు చుట్టే పని లేని రోజుల్లోనే. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. కాగితం ముందర కూచుంటే నాకు తెలిసిన మాటలే పరాయివాళ్లలా నిలబడతాయి. "నాకు చెప్పినట్టే రాయి పెద్దమ్మా, ఎవలో ఆఫీసరుకు రాస్తున్నట్టు రాయకు" అంది. అందుకే ఆమెకు చెప్పినట్టే రాస్తున్నాను.

జంపఖానా నేయడం పూర్తయితే దాన్ని మగ్గం మీద నుంచి కోసి మడతపెడతారు. మా అన్నకు 'అయిపోయింది' అనే మాట అదే. కుండలో అన్నం అయిపోతే కోసి మడత. వాన వెలిస్తే కోసి మడత. మమ్మల్ని కన్న మా అవ్వ పోయిన రోజు ఆమె కాళ్ల దగ్గర కూచుని అదే చూపించాడు. చుట్టాలు కడుపునొప్పేమో అనుకుని మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉండేది. బాపు అంటే పెదవి దగ్గర రెండు వేళ్లు, బీడీ. అవ్వ అంటే నడుముకు చెయ్యి తుడుచుకోవడం, ఆమె ఎప్పుడూ గంజి చేతులు కొంగుకు కాకుండా నడుముకే తుడుచుకునేది. నేనంటే చెవి తమ్మె పట్టుకోవడం. నాకు చెవులు కుట్టించినప్పుడు చీము పట్టి నెల రోజులు ఏడ్చానట, ఆ ఏడుపే నా పేరయింది.

మా ఇంటి వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. అవ్వ తెల్లవారకముందే నూలుకు పట్టించే గంజి కాచేది. గంజి వాసన, తడి నూలు వాసన, రంగు తొట్టి వాసన, వాటి పైన బాపు బీడీ. జానెడు నేత పడేదాకా బాపు బీడీ ముట్టేవాడు కాదు. ఆ జానెడు కొలవడానికి అరచెయ్యి పరిచినప్పుడే మేము ఆయనతో ఏమైనా మాట్లాడాలి. పెద్ద జంపఖానా అయితే ఇద్దరు పక్కపక్కన కూచుని నేస్తారు. బాపు ఎడమకు, మా అన్న కుడికి. ఇనుప పంజాతో ఇద్దరూ అడ్డం నూలును, అదే పేకను, కొట్టి బిగిస్తుంటే, అటు పక్కింట్లో, ఇటు పక్కింట్లో కూడా అదే దెబ్బ. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని అందరూ చేతులతోనే చెప్పుకునేవారు. ఒకరు నేతలో ముందుకు పోతే రెండోవారు అరచెయ్యి నూలు మీద కిందికి అదిమి చూపిస్తారు. ఆగు అని. నాకు చిన్నప్పుడు ఒకటి అనిపించేది. మగ్గం నడుస్తున్నంతసేపు ఇంట్లో అందరం చెవిటివాళ్లమే. మగ్గం ఆగితేనే మా అన్న ఒక్కడు చెవిటివాడయ్యేవాడు.

అమావాస్య నాడు మగ్గం ముట్టరు. అందుకే మా వాడలో నాటకం ఎప్పుడు ఆడినా అమావాస్య పగలే ఆడేవారు. నిజం కోసం రాజు రాజ్యం వదులుకుని, పెళ్లాన్ని కొడుకుని అమ్ముకుని, చివరికి కాటికాపరి అవుతాడు చూడండి, ఆ నాటకం. మా వాడలో దాన్ని 'కాటి నాటకం' అనేవారు. నాలుగు ఎడ్లబండ్లు కలిపి నిలబెట్టి, మేమంతా ఇంటి తలుపులు ఊడదీసి ఇస్తే వాటిని పైన పరిచేవారు. అదే స్టేజీ. ఆ రోజు వాడలో ఏ ఇంటికీ తలుపు ఉండేది కాదు. నేర్పించేది ఆర్మోని నర్సయ్య. మా అన్న రోజూ పోయి, ఆయన వాయిస్తుంటే పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూచునేవాడు. ఏదో అందేది ఆ చేతికి. నర్సయ్య ఈగను తోలినట్టు తోలేవాడు. మళ్లీ పోయి కూచునేవాడు. ఇంటికి వచ్చి అవ్వకు రాణి ఎట్లా ఏడుస్తుందో, రాజు ఎట్లా తల తిప్పుకుంటాడో అంతా ఆడి చూపించేవాడు. అవ్వ గంజి కలుపుతూ నవ్వేది. బాపు చూసీ చూడనట్టు బీడీ వెలిగించేవాడు.

ఆ ఏడు రాజు కొడుకు వేషం వేసిన పిల్లవాడి తల్లి అడ్డం తిరిగింది. మాటలు చెప్పేదాకా సరే గానీ, ఉన్న ఒక్క కొడుకును అమావాస్య నాడు పీనుగలా పండుకోబెట్టనంది. నాటకం రేపు అనగా వచ్చింది ఆ పేచీ. ఎవరి తల్లీ ఒప్పుకోలేదు. అప్పుడు నర్సయ్య మా ఇంటికి వచ్చి బాపుతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "పీనుగకు మాటలేం ఉన్నయ్ బావా, నీ చెవిటోన్ని పండుకోబెడదాం." అవ్వ మొఖం ముడుచుకుంది. మా అన్నకు నేను చెప్పాను, నీకు వేషం ఇస్తున్నారని. పీనుగ వేషమని కూడా చెప్పాను. సంబరంతో వాడకట్టు మొత్తం ఉరికి వచ్చాడు. ఇక అవ్వ ఏమంటుంది. నాటకం అయ్యాక ఉప్పు దిగదీస్తానని సర్దుకుంది.

చిక్కు ఒక్కటే. చివర దేవుడు ప్రత్యక్షమై పిల్లవాడిని బతికిస్తాడు. గంట కొట్టగానే పీనుగ లేవాలి. మా అన్నకు గంట వినపడదు, పండుకున్నవాడు కళ్లు తెరవకూడదు. అందుకని నర్సయ్య ఒక ఉపాయం చేశాడు. మా అన్న కాలి బొటనవేలికి దారం కట్టి, తలుపు చెక్కల సందులోంచి కిందికి వదిలి, నన్ను బండి కింద కూచోబెట్టాడు. గంట కొట్టగానే నేను గుంజాలి. దారం తెచ్చే పని కూడా నాదే. ఇక్కడే నేను తప్పు చేశాను. నిలువుగా బిగించే పడుగు నూలుకు పురి ఎక్కువ, గట్టిది. కానీ మగ్గం మీది పడుగు తెంపితే బాపు చంపేస్తాడు. పేక నూలు మెత్తది, పురి తక్కువ, తొట్టి పక్కన ఎంతైనా పడి ఉంటుంది. ఎర్ర పేక ఒక మూరెడు తెచ్చి కట్టాను. నేతగాడి బిడ్డను, ఏ నూలు ఎంత బరువు ఆపుతుందో తెలిసినదాన్ని.

బండి కింద నాకు ఏమీ కనపడలేదు. వినపడింది మాత్రమే. రాణి వేషం మా వాడ సాంబయ్యది. ఆయన పద్యం పాడుతూ ఏడుస్తుంటే చుట్టూ కూచున్న ఆడవాళ్ల ఎక్కిళ్లు నాకు బండి కిందికి వినపడ్డాయి. గంట కొట్టారు. గుంజాను. దారం తేలిగ్గా నా చేతిలోకి వచ్చేసింది. తెగిన కొస చూసుకుంటూ అట్లాగే కూచున్నాను. పైన గంట మళ్లీ కొట్టారు. మళ్లీ కొట్టారు. ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. తర్వాత వాడ మొత్తం. "దేవుడు బతికిచ్చినా చెవిటోనికి ఇనపడలేదుర" అన్నారు ఎవరో. సాంబయ్య గిచ్చాడట, దేవుడు కాలితో తన్నాడట, మా అన్న లేవలేదు. తలుపులు అదిరేలా నవ్వారు. చివరికి బాపు స్టేజీ ఎక్కి రెక్క పట్టుకుని లేపాడు. నాటకం మంగళం పాడకుండానే ఆగిపోయింది. ఇంటికి తలుపు ఇంకా బిగించలేదు. వాడ అంతా చూస్తుండగా బాపు మా అన్నను కొట్టాడు. దారం తెగిందని నేను చెప్పాను. నన్ను కొట్టలేదు. ఒక్క దెబ్బ కొట్టినా నాకు ఇన్నేళ్ల బరువు ఉండేది కాదు.

ఆ తర్వాత నర్సయ్య మా అన్నను ఆర్మోని దరిదాపుకు రానివ్వలేదు. మా అన్న కూడా పోలేదు. పెద్దవాడై, బాపు కూచున్న చోటుకు జరిగి, మగ్గం ఉన్నన్నాళ్లు నేసి, అది ఊడదీసిన రోజు కోసి మడత చూపించి, గడప మీద కూచున్నాడు. నా ఇంటాయన పోయినప్పటి నుంచి నేను ఆయన దగ్గరే ఉంటున్నాను. దారం సంగతి నేను ఆయనకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. తప్పు నాది, పేక నూలు కట్టాను, తెగింది అని. ఆయన తల ఊపేవాడు.

స్రవంతి వాళ్లు వేసేది అదే కాటి నాటకమని తెలిసినప్పుడు జంపఖానా పక్కన పెట్టి ఆమె ముందర కూచున్నాను. ఆమెకు ఈ కథంతా చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. "పెద్దాయనను ఆదివారం రిహార్సల్‌కు పట్టుకరా" అంది. నేను పిచ్చిదాన్ని, ఏ మంత్రి వేషమో ఇస్తుందనుకున్నాను. అక్కడికి పోయాక చెప్పింది, మళ్లీ పీనుగే అని. నాకు ఒళ్లు మండింది. "గప్పుడు పీనుగే, గిప్పుడు పీనుగేనా? ఇంత మందిని జమజేసి, అందరిది అని చెప్పుకుంట, మా అన్నకు దొరికింది గిదేనా?" అని అడిగేశాను. ఆమె చల్లగా, "మా నాటకంల పీనుగకే పని ఎక్కువ పెద్దమ్మా. జర చూడు" అంది. రాజు వేషం యాకూబ్‌ది. చక్రాల కుర్చీలో కూచునే మనిషి, నోరు ఊరుకోదు. రాజ్యం అంతా రాసిచ్చే సీనులో, "రాజ్యం పోయినా నా కుర్చీ పోలే" అని చక్రం తిప్పుతాడు. కాటిలో కొడుకును చూసి, "నేను నిజం చెప్పుకుంట తిరిగేసరికి నా కొడుకు ముసలోడయిండు" అంటాడు. మా అన్న యాకూబ్ కంటే పాతికేళ్లు పెద్ద కదా. నాకు నవ్వు వచ్చింది. నవ్వినందుకు కోపం కూడా వచ్చింది.

నా అసలు విసుగు వేరే. రాణి వేషం నవ్యది, హసన్‌పర్తి అమ్మాయి, మా అన్నలాగే వినపడదు. మొదటి రోజు ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి నేను సంబరపడ్డాను, ఇన్నేళ్లకు మా అన్నకు తన మనిషి దొరికిందని. నవ్య చేతులు రాట్నం తిరిగినట్టు తిరిగాయి. బడిలో నేర్చుకున్న భాష. మా అన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నిటికీ తల ఊపాడు. ఎవరైనా తనను తీసిపారేస్తారని భయం వేసినప్పుడు అట్లా ఊపుతాడు, నాకు తెలుసు. ఇక చూడండి మా అవస్థ. కొంచెం పక్కకు జరగమని నవ్య చెప్పాలంటే, ఆమె చేతులతో స్రవంతికి చెప్పాలి, స్రవంతి నోటితో నాకు చెప్పాలి, నేను మా చేతులతో మా అన్నకు చెప్పాలి. ఈలోపు సీను దాటిపోయేది. యాకూబ్, "అక్కా, మధ్యల గీ రెండు టోల్‌గేట్లు ఎత్తేస్తే బాగుండు" అనేవాడు. హాలుకు పోతే అక్కడా అంతే. స్టేజీకి ఆరు మెట్లు, యాకూబ్‌ను కుర్చీతో సహా నలుగురు మోయాలి. అందరి కోసం అంటారు గానీ ఆ అందరిలోకి ఎక్కడానికి మెట్లు తప్ప ఏమీ ఉండదు. నేను ప్రతి ఆదివారం ఇంటికి వచ్చేసరికి తలనొప్పితో వచ్చేదాన్ని. ఇక పోవద్దు అని చెప్తే మా అన్న సోమవారం నుంచే చొక్కా ఉతుక్కునేవాడు.

లేవాల్సిన సమయం తెలియడానికి స్రవంతి జేబులో ఫోను పెట్టింది, వణుకుతుందట. మా అన్న దాన్ని తీసి నాకు ఇచ్చేశాడు. చెవి తమ్మె పట్టుకుని, బొటనవేలు చూపించి, దారం గుంజినట్టు చేశాడు. నువ్వే గుంజాలి అని. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి పడుగు నూలు వెతికి తెచ్చాను, రెండు పేటలు కలిపి పురి పెట్టి, ఎద్దును కట్టినా తెగనట్టు చేశాను. రిహార్సల్‌లో గుంజినప్పుడల్లా టక్కున లేచాడు. లేచి రాజును చూసి, వేలు ఎత్తి, ఎందుకు అమ్మావు అని అడగాలి. అది వాళ్లు కలిపిన సీను. రాజు దగ్గర జవాబు ఉండదు. అంతే నాటకం.

ఆట రోజు హాలు నిండింది. కొత్తవాడ నుంచి కూడా వచ్చారు, ఆనాడు నవ్విన వాళ్లలో మిగిలిన నలుగురైదుగురు ముందు వరుసలోనే కూచున్నారు. నేను తెర పక్కన స్టూలు మీద, దారం చేతికి చుట్టుకుని. మా చివరి జంపఖానా మీద మా అన్న పండుకున్నాడు. నవ్య వచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ఒక్క మాట లేకుండా చేతులతో ఏడ్చింది. తర్వాత, నేను అనుకోలేదు, ఆ అమ్మాయి పొట్ట దగ్గర అడ్డంగా కోసి, గాలిని మెల్లగా మడతపెట్టింది. మా అన్న ఎప్పుడు నేర్పించాడో నాకు తెలియదు. నేను లేకుండానే వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకున్నారన్నమాట. గంట కొట్టారు. గుంజాను. దారం బిగిసింది. మా అన్న లేవలేదు. మళ్లీ గుంజాను. వేలు కదలడం నాకు కనపడింది. లేవలేదు. హాలులో ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. నా చెవుల్లో మళ్లీ బండి కింది చప్పుడు మొదలైంది. యాకూబ్ సర్దడానికి చూశాడు. "లే బిడ్డా, నేనన్న లేవలేను, నువ్వన్న లే" అన్నాడు. హాలంతా పడి పడి నవ్వింది. నేను మూడోసారి గట్టిగా గుంజాను. అప్పుడు మా అన్న ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. పక్కన పెట్టుకున్న అరచేతిని జంపఖానా మీద కిందికి అదిమాడు.

ఆగు.

దారం వదిలేశాను. ఆయన మళ్లీ కన్ను మూసుకున్నాడు. నవ్వి నవ్వి జనం అలిసిపోయారు, తర్వాత గొంతులు సవరించుకున్నారు, తర్వాత ఎవరూ కదలలేదు. అంతా ఊరుకున్నాక మా అన్న తనంతట తాను లేచి కూచున్నాడు. రాజు వైపు వేలు ఎత్తాడు. యాకూబ్ చక్రాలు పట్టుకుని కుర్చీని వెనక్కి జరిపాడు. అది నటన కాదని నాకు తెలుసు.

లోపలికి వచ్చాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకు లేవలేదు, దారం తెగలేదు కదా అని. ఆయన నన్ను కూచోబెట్టాడు. తన వీపు మీద అరచెయ్యి వేసి కొట్టుకుని, ఆ చేతిని వణికించాడు. చెక్కలు. చెక్కలు అదరడం. పద్యం పాడినా, గంట కొట్టినా, జనం నవ్వినా అది స్టేజీ చెక్కల్లోంచి ఆయన వీపుకు వస్తుంది. తర్వాత రెండు వేళ్లు పెదవి దగ్గర పెట్టి, బాపు, చెయ్యి పైకెత్తి దెబ్బ చూపించాడు. ఆనాడు అని. ఆనాడు కూడా నేను గుంజింది ఆయన కాలికి తెలిసిందట. రెండు కాలివేళ్ల మధ్య పట్టి వంచి తనే తెంపాడట. మెత్తది, తెగింది. లేస్తే, అని లేచినట్టు చేసి, కోసి మడతపెట్టాడు. లేస్తే అయిపోతది. వాడ మొత్తం తన వీపులో మోగుతుంటే ఎట్లా లేస్తాను అన్నట్టు నన్ను చూశాడు. వాళ్లు తనను చూసి నవ్వుతున్నారని తెలుసా అని అడిగాను. తెలుసు అన్నాడు. అయినా ఆర్మోని పెట్టె కంటే అది పెద్దదట.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఆ మూరెడు పేక నూలు నా మెడలో ఉంది. బాపు పోయే ముందు కూడా ఆయనకు చెప్పాను, దారం తెగింది బాపూ, అన్న తప్పు లేదు అని. నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. ఆయన చెవి తమ్మె పట్టుకుని, ఆ చేతినే నోటి దగ్గరికి తెచ్చి ఆపకుండా ఆడించాడు. నువ్వు చెప్తూనే ఉన్నావు అని. నిజమే. ఆయన మాట మిగతా లోకానికి చెప్పే పని నాదే అనుకున్నాను గానీ, ఆయనను నేను ఏనాడూ ఏదీ అడగలేదు. అప్పుడు వాడ వాళ్లు అడగలేదు, మాట రాదని. ఇప్పుడు స్రవంతి వాళ్లు అడిగారు గానీ నన్ను అడిగారు. ఇంట్లో ఉన్నదాన్ని, నేను మాత్రం ఏం చేశాను.

ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకుని దారం విప్పబోయాను. నేను వేసిన ముడే, పడుగు నూలు ముడి, వేళ్లకు రాలేదు. గోరుకు రాలేదు. కత్తెర ఎవరి దగ్గరా లేదు. అవ్వ చేసినట్టు వంగి పంటితో కొరికాను. ఉన్న నాలుగు పళ్లతో ఎంత కొరికినా తెగదు. మా అన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, ఆ నవ్వు ఆయన కాలిలోంచి నా దవడకు తగులుతోంది. స్రవంతి తలుపు దగ్గర నిలబడి, వ్యాన్ వచ్చింది, ఇగ అయిపోయిందా పెద్దమ్మా అని అడిగింది. నోట్లో దారం ఉంది, మాట్లాడలేక నేనే పొట్ట దగ్గర కోసి మడత చూపించి, మా అన్నను అడిగాను.

ఆయన అరచెయ్యి కిందికి అదిమాడు.